నదిలో లేని చేపను చూశామన్నవాళ్లు

అక్క: రికార్డవుతోందా? సరే. ఈసారి పోస్టర్ల గురించి అని పోయినసారే చెప్పాం. అంతరించిపోతున్న నది చేపల బొమ్మలు రేవుల్లో, బడుల్లో అంటిస్తున్నారు కదా, జనానికి ఏమైనా ఎక్కుతోందా అని.

తమ్ముడు: ఎక్కిందో లేదో తేలాలంటే, అంటించకముందు ఎంత తెలుసో కొలవాలి కదక్కా. ఆ పని చేయరు. అంటించాక వచ్చి "ఈ చేపను కాపాడాలా?" అని అడుగుతారు. మొహమాటానికైనా అందరూ ఔననే అంటారు.

అక్క: మరెలా అడగాలి?

తమ్ముడు: మొదట్లో బొమ్మ చూపించకూడదు. "ఈ నదిలో ఉండే చేపల పేర్లు చెప్పండి" అని ఊరుకోవాలి. చెప్పినవి చెప్పిన వరసలోనే రాసుకోవాలి. ఆ తర్వాత పది కార్డులు. ఐదు మామూలుగా దొరికేవి, మూడు అరుదైనవి, రెండు ఆ నదిలో అసలు లేనివి.

అక్క: ఏడో కార్డు! అదే, నదిలో లేని చేపది!

తమ్ముడు: ఏడో కార్డే. దాన్ని చూసి "ఆ, పోయినేడు పడింది" అన్నవాళ్లు ఎంతమందో తెలిస్తే, అరుదైన చేపకొచ్చిన ఔనుల్లో ఎన్ని నమ్మాలో తెలుస్తుంది. బొమ్మలన్నీ ఒకే సైజులో, తల ఎడమవైపుకే ఉండాలి, వెనకాల తెలుపే ఉండాలి. అడుగున ఆ చేప ఎంత పొడవు పెరుగుతుందో గీత గీసి చూపాలి. పిల్ల చేప బొమ్మ విడిగా ఉండాలి. ఆగ్నేయాసియాలో మెకాంగ్ నదిలో ఉండే జెయింట్ క్యాట్‌ఫిష్‌నే తీసుకో, 2005లో 293 కిలోలది పట్టారు. పిల్లప్పుడు దానికి మీసాలూ పళ్లూ ఉంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. పెద్దదాని బొమ్మే చూపిస్తే, పిల్లను పట్టినవాడు కూడా ఎప్పుడూ చూళ్లేదంటాడు.

అక్క: పిల్లకీ పెద్దదానికీ పేరు కూడా వేరే ఉంటుంది చాలాచోట్ల. నా గోల ఎప్పుడూ పేరు గురించే. కావేరిలో మూపురం మహసీర్, గాలం వేసేవాళ్లకి ప్రపంచమంతా తెలిసిన చేప. దాని శాస్త్రీయ నామం టోర్ రెమాదేవియై అని తేలింది 2018లో. ఆ తర్వాతే అది రెడ్ లిస్ట్‌లో, అంటే అంతరించే ప్రమాదమున్న జీవుల ప్రపంచ జాబితాలో, అతి ప్రమాదంలో ఉన్నవాటి వరసలో చేరింది. ఈలోగా అదే నదిలో చేపపిల్లల్ని పొదిగించే హేచరీల నుంచి తెచ్చిన వేరే మహసీర్ పిల్లల్ని వదిలారు. అవి పెరుగుతుంటే మహసీర్ బాగానే ఉందనుకున్నారు.

తమ్ముడు: పేరు సరే. నిషేధం ఉన్న చేప వలలో పడితే ఉంచుకున్నారా అని అడగడం అంతకంటే కష్టం.

అక్క: ఇదిగో, పాచిక తీశాడు.

తమ్ముడు: తీస్తాను. పాచిక చాటుగా వేయమనాలి. ఒకటి పడితే నిజమేదైనా "ఔను" అనాలి, ఆరు పడితే "కాదు" అనాలి. మిగతా నాలుగింటికీ నిజం చెప్పాలి. ఏం పడిందో అడిగినవాడికి తెలీదు. 120 మందిలో 44 ఔనులొచ్చాయనుకో. ఒకటి పడ్డవాళ్లు సుమారు 20 మంది, తీసేస్తే 24. నిజం చెప్పాల్సినవాళ్లు 80. అంటే నూటికి 30.

అక్క: ఆ చేప జోలికే పోని మనిషికి ఒకటి పడితే? చేయని తప్పుకి ఔనని ఎందుకంటాడు? అలా ఎనిమిది మంది "కాదు" అన్నారంటే 36 ఔనులే మిగులుతాయి. అప్పుడు నీ లెక్క నూటికి 20కి పడిపోతుంది.

తమ్ముడు: అందుకే ముందు చేపతో సంబంధంలేని ప్రశ్నలతో నాలుగైదుసార్లు అలవాటు చేయాలి.

అక్క: భయం అలవాటుతో పోదురా. జాబితా ఇవ్వు. సగం మందికి నాలుగు పనులున్నది, సగం మందికి అవే నాలుగుతోపాటు ఐదోది, నిషేధం ఉన్న చేపను ఉంచుకోవడం కూడా ఉన్నది. ఏవి చేశారో అడక్కు, ఎన్ని చేశారో అంకె చెప్పమను. సగటులు 1.9, 2.2 వస్తే తేడా 0.3. అదే నీ నూటికి 30.

తమ్ముడు: 60, 60గా చీలిస్తే సగటులు ఊరికే అంత ఊగుతాయక్కా! వందల మంది కావాలి.

అక్క: వందల మందినే అడగాలి. అబద్ధమాడమని మనమే చెప్పడం నాకు నచ్చదు.

తమ్ముడు: నేనొప్పుకోను.

అక్క: ఒప్పుకోకు. చైనాలో యాంగ్‌చీ నదిలో ఏమైందో తెలుసుగా. చైనీస్ పాడిల్‌ఫిష్ చివరిసారి కనబడింది 2003లో. 2022లో అంతరించిందని, ఆ రెడ్ లిస్ట్ తయారుచేసే ఐయూసీఎన్ ప్రకటించింది. మధ్యలో 2008లో అక్కడి జాలర్లను అడిగితే, కొత్తగా వృత్తిలోకొచ్చినవాళ్లలో చాలామందికి ఆ చేప ఊసే తెలీదు. పెద్దవాళ్లకి గుర్తుంది.

తమ్ముడు: చూడనిదాన్ని పోయిందని ఎవరూ అనుకోరు కదా.

అక్క: ఊ.

తమ్ముడు: ...పోస్టర్ల మాట ఇంకా చెప్పలేదక్కా.

అక్క: ఒక పోస్టర్‌కి ఒకటే చేప. కింద, పడ్డదాన్ని ప్రాణంతో వదలడం ఎలాగో మూడు బొమ్మలు. చేతులు తడుపుకోవడం, చేప నీళ్లలో ఉండగానే గాలం తీయడం, తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి అది తోక ఆడించేదాకా పట్టుకోవడం. పొడి చేత్తో పడితే పొలుసు మీది జిగురు పోతుంది, అక్కడ బూజు పడుతుంది.

తమ్ముడు: పైన పేరు?

అక్క: రేవులో పిలిచే పేరు. పిల్లదానిదీ, పెద్దదానిదీ, రెండూ.

తమ్ముడు: రెండూ రాస్తే రెండు చేపలనుకుంటారేమో.

అక్క: అనుకుంటారా? ...అది కూడా కార్డుల్తోనే అడిగి చూడాలి.