బొగ్గు ధర పెంచమన్నదీ ఆయనే, బొగ్గే వద్దన్నదీ ఆయనే

నమస్తే అండీ. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో రాజురా నుంచి బల్లార్షా వెళ్ళేటప్పుడు వర్ధా నది వంతెన మీద ఎప్పుడైనా ఆగారా? సాస్తీ గనుల బొగ్గు ధూళితో చెట్ల ఆకులు కూడా నల్లబడి ఉంటాయి. ఒకప్పుడు ఈ రాజురా తాలూకా మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. 1956లో ఇటు కలిపారు. మన తెలుగోళ్ళు తరాలుగా ఈ గనుల్లో పనిచేస్తూనే ఉన్నారు. ఈ బొగ్గు మీద లండన్‌లో కూర్చున్న ఒకాయన కేసు వేశాడంటే నమ్ముతారా?

ఆయన పేరు సర్ క్రిస్ హోన్. పుట్టింది 1966లో, ఇంగ్లండ్‌లో. తండ్రి జమైకా నుంచి వలస వచ్చిన కారు మెకానిక్. కుర్రాడు చదువుల్లో గట్టివాడు, హార్వర్డ్ దాకా వెళ్ళాడు. 2003లో టీసీఐ అనే హెడ్జ్ ఫండ్ పెట్టాడు.

హెడ్జ్ ఫండ్ అంటే ఏంటని అడుగుతారు. ఇక్కడ మనం భిశీ (చీటీ) వేసుకుంటాం కదా, అలా బాగా డబ్బున్నవాళ్ళు, పెద్ద పెద్ద సంస్థలు ఒకరి చేతిలో డబ్బు పోస్తారు. భిశీలో పాట పాడుకుంటాం, ఇక్కడ మేనేజరే ఎక్కడ పెట్టాలో తేలుస్తాడు. ఏటా ఫీజు తీసుకుంటాడు, లాభమొస్తే అందులో వాటా కూడా. హోన్ గారి తీరు ఇంకోలా ఉంటుంది. కంపెనీలో కాస్త వాటా కొంటాడు, కొని యాజమాన్యంతో జగడానికి దిగుతాడు. 2005లో జర్మనీ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ వాళ్ళు లండన్ ఎక్స్‌ఛేంజ్‌ని కొనాలని చూస్తే అడ్డం పడ్డాడు. చివరికి ఆ జర్మన్ సంస్థ పెద్ద బాసే కుర్చీ దిగిపోయాడు.

అసలు విశేషం ఇప్పుడు చెప్తాను. ఆ ఫండ్ పేరులోనే పిల్లలున్నారు. టీసీఐ అంటే ది చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్. ఇరవయ్యేళ్ళ వయసులో ఫిలిప్పీన్స్‌లో చెత్తకుప్ప మీద బతికే పిల్లల్ని చూశాడట, అది మనసులో నిలిచిపోయింది. అందుకే అప్పటి భార్య జేమీతో కలిసి పిల్లల కోసం సిఫ్ అనే ఫౌండేషన్ పెట్టాడు. ఫండ్‌లో ఉన్న మొత్తంలో ఏటా 0.5 శాతం దానికి పోవాలి, రాబడి 11 శాతం దాటితే ఇంకో 0.5 శాతం. అంటే దానం అనేది ఆయన బుద్ధి పుట్టినప్పుడు ఇచ్చేది కాదు, మొదట్లో అది లెక్కలోనే రాసి ఉండేది. ఇది నాకు నచ్చింది, ఒప్పుకుంటా. పిల్లల కడుపులో నులిపురుగులు పోయే మందుల కార్యక్రమాలకు కెన్యాలోనూ మన దేశంలోనూ ఆ సంస్థ డబ్బు పెట్టింది. ఫిబ్రవరి 10న మన పిల్లలకు బళ్ళో జంతనాశక గోళీ ఇస్తారు కదా, ఆ తరహా పని.

2010లో ఈ గనుల యజమాని అయిన ప్రభుత్వ సంస్థ కోల్ ఇండియా షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి, ఒక్కోటి 245 రూపాయలు. గని ఉద్యోగులకు 5 శాతం తగ్గింపు కూడా ఇచ్చారు, మన గల్లీల్లో చాలామంది తీసుకున్నారు. టీసీఐ కూడా ఒక శాతం దాకా కొనేసింది. 2012లో గొడవ మొదలైంది. ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి బొగ్గును చవగ్గా అమ్మిస్తోంది, చిన్న వాటాదారులకు అన్యాయం జరుగుతోందని హోన్ మనుషులు కోల్‌కతా, ఢిల్లీ హైకోర్టుల మెట్లెక్కారు.

నాకు ఇక్కడే టెన్షన్. వాటాదారుగా చూస్తే ఆయన మాటలో తప్పులేదు. షేర్లున్న మన గని కార్మికుడికి కూడా అది లాభమే! అదే కార్మికుడి ఇంట్లో కరెంటు బిల్లు? చంద్రపూర్ థర్మల్ ప్లాంటు, 2,920 మెగావాట్లు, నడిచేది బొగ్గు మీదే. బొగ్గు ధర ఎక్కితే కరెంటు ధర ఎక్కకుండా ఉంటుందా? ఆ లెక్క లండన్‌లో ఎవరికి గుర్తుంటుంది! తర్వాత టీసీఐ ఆ షేర్లు అమ్మేసుకుని వెళ్ళిపోయింది.

అదే మనిషి 2019లో వాతావరణం కోసం రోడ్డెక్కే ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ వాళ్ళకు డబ్బిచ్చాడు. 2020లో పెద్ద పెద్ద బ్యాంకులకు ఉత్తరాలు రాశాడు, బొగ్గుకు అప్పులివ్వడం ఆపండని. మనసు మారిందంటారా, లెక్క మారిందంటారా? రెండూ కావచ్చు. ఎండాకాలంలో చంద్రపూర్‌లో నిలబడితే బొగ్గు వద్దనే మాటను నేను మాత్రం ఎలా కొట్టిపారేస్తాను? కాకపోతే ఆ ఉత్తరాలు అందుకున్నది బ్యాంకులు. గని మూతపడితే డంపర్ నడిపేవాడు ఏం చేయాలన్నది బ్యాంకు తేల్చే సంగతి కాదు.

విడాకుల సంగతి కూడా అడుగుతారు, చెప్పేస్తా. 2014లో లండన్ కోర్టు జేమీకి 33.7 కోట్ల పౌండ్లు ఇమ్మంది. అదే ఏడాది దానధర్మాలకు గాను ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

ఇక మీ వంతు. ఘుగ్గుస్, బల్లార్పూర్, గడ్‌చందూర్ వాళ్ళు తప్పకుండా కామెంట్ పెట్టండి. 2010లో మీ నాన్నో మామో తీసుకున్న కోల్ ఇండియా షేర్లు ఇంకా ఇంట్లో ఉన్నాయా, ఆడపిల్ల పెళ్ళికి అమ్మేశారా?