ఏ గొర్రెను ఉంచాలి, దేన్ని తీసేయాలి

అన్నలకు, అక్కలకు నమస్కారం.

మందలో జబ్బు గొర్రె కనబడగానే మందు పోస్తాం, తగ్గకపోతే సంతకు తోలుతాం. దానికన్నా ముందు ఒక మాట ఆలోచించమంటాను. వచ్చే ఈతలో ఈ గొర్రె పిల్లను ఈని, పాలిచ్చి సాకగలదా? దగ్గు, జ్వరం, గాయం లాంటివి పూర్తిగా తగ్గిపోతే సాకగలదు. వాటికి టెన్షన్ వద్దు.

పొదుగు సంగతి వేరు. ఈనే ముందు పొదుగు నిండుగానే కనిపించి మోసం చేస్తుంది. అందుకే పిల్లలు పాలు మరిచాక, పొట్టేలును కలపక ముందే ప్రతి గొర్రె పొదుగునూ రెండు చేతులతో తడిమి చూడండి. మెత్తగా ఉండాలి. లోపల గట్టి గడ్డ తగిలితే పొదుగువాపు వచ్చి పోయిందన్నమాట. ఆ పక్క మళ్ళీ సరిగ్గా పాలు రావు. పిల్ల చీకుతూనే ఉంటుంది, అరుస్తూనే ఉంటుంది, డొక్కలు మాత్రం లోపలికి పోతాయి. ఒక పక్క బాగుంది కదా, ఒక్క పిల్లకు చాలుతుందిలే అని కొందరు ఉంచుకుంటారు. మేత దొరకని ఎండాకాలంలో ఆ పాలు చాలవు. నేనైతే తీసేయమనే చెబుతాను.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ పథకం కింద ఇచ్చిన యూనిట్‌లో 20 గొర్రెలు, ఒక పొట్టేలు. అంత చిన్న మందలో ఒక్కదాన్ని తీయాలన్నా ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కానీ పిల్లను సాకలేని గొర్రె కూడా మిగతావాటి మేతే తింటుంది.

చూలు మీద మెయ్య దిగిన (యోని లోపలి భాగం బయటికి వచ్చిన) గొర్రెకు మళ్ళీ దిగే అవకాశం ఎక్కువ. దాని ఆడపిల్లల్ని కూడా మందకు ఉంచుకోవద్దు. గిట్టల మధ్య కుళ్ళితే పది శాతం జింక్ సల్ఫేట్ నీళ్ళలో నిలబెట్టండి. నయమై మళ్ళీ మళ్ళీ కుంటేది మాత్రం వద్దు. అది మిగతా మందకూ అంటిస్తుంది. కంటి కింది రెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోతే కడుపులో రక్తం తాగే నట్టలు (పురుగులు) ఉండొచ్చు. నట్టల మందు పోసినా ప్రతిసారీ అదే గొర్రె పాలిపోతుంటే, బీట్లో నట్టల గుడ్లు ఎక్కువగా చల్లేదీ అదే.

ఈసుకుపోయిన (నెలలు నిండక ముందే చూలు పోయిన) గొర్రె దగ్గర ఇంకా జాగ్రత్త. ఆ మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. చూలు పోగొట్టే బ్రూసెల్లా అనే అంటుజబ్బు అయితే మనుషులకూ వస్తుంది. గొర్రెను వేరుగా కట్టి, పశువుల డాక్టరుతో రక్తపరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా అమ్మకండి.

మాంసానికి అమ్మే గొర్రెకు ఇంజెక్షన్ వేయించి ఉంటే, ఎన్ని రోజులు ఆగాలో డాక్టరును అడిగి అన్ని రోజులూ ఆగండి. మనం తీసేసిన గొర్రెను ఇంకో కాపరికి ఈతకని అంటగట్టొద్దు. ఆయన మందా మన మందా ఒకే చెరువులో నీళ్ళు తాగుతాయి.

బయట కట్టేసిన గొర్రెల్ని ఇప్పుడే చూద్దాం రండి. ముందు పొదుగు, తర్వాత గిట్టలు, కళ్ళు. తీసేయాల్సిన దానికి వీపు మీద రంగు గుర్తు పెడదాం.