ప్రిజనర్స్ రివ్యూ: చెబుతూనే ఉన్నాడు, వినేవారే లేరు

నమస్కారం. సినిమా గురించి మాట్లాడే ముందు, ఈ వీడియో ఎలా వచ్చిందో చెప్పాలి. హనుమకొండలో హోమ్ థియేటర్లు అమర్చే ఒక దుకాణం వారు తమ ప్రదర్శన గదిని ఒక రాత్రికి నాకు అప్పగించి, నచ్చిన సినిమా వేసుకొని చూడమన్నారు, అందుకు బదులుగా వీడియోలో వారి గదిని ప్రస్తావించమన్నారు. గది బాగుంది, తెరపై నలుపు నలుపుగానే కనిపించింది, ప్రస్తావన అయిపోయింది. సినిమా ఎంపికలో గాని, అభిప్రాయంలో గాని వారి జోక్యం లేదు.

నేను ఎంచుకున్నది 2013లో వచ్చిన 'ప్రిజనర్స్'. దర్శకుడు డెనీ విల్నోవ్ అనీ, ప్రధాన పాత్రధారులు హ్యూ జాక్‌మన్, జేక్ జిలెన్‌హాల్ అనీ, నిడివి రెండున్నర గంటలు దాటుతుందనీ మీరు ఇప్పటికే చదివే ఉంటారు. రోజర్ డీకిన్స్ ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషన్ వచ్చిన ఈ సినిమాలో చాలా భాగం వానలో, మసక వెలుతురులో, చీకటి గదుల్లో నడుస్తుంది కాబట్టి, పట్టపగలు కిటికీకి ఎదురుగా ఉన్న టీవీలో చూసేవారికి తెర మీద తమ ముఖమే ఎక్కువసేపు కనిపిస్తుంది. రాత్రిపూట, దీపాలు ఆర్పి చూడండి. ఇకపై ముగింపుతో సహా అన్నీ చెప్పబోతున్నాను, కాబట్టి సినిమా చూడనివారు ఇక్కడే ఆపేయడం మంచిది.

పెన్సిల్వేనియాలోని ఒక చిన్న పట్టణంలో, పండుగ రోజున, ఇద్దరు చిన్నపిల్లలు మాయమవుతారు. ఆ వీధిలో పాత క్యాంపర్ బండిలో తిరిగిన అలెక్స్ అనే యువకుణ్ణి పోలీసులు పట్టుకొని, ఆధారాలు దొరకక వదిలేస్తారు. ఒక పాప తండ్రి కెల్లర్ అతణ్ణి ఎత్తుకుపోయి, తన తండ్రికి చెందిన పాడుబడిన భవనంలో బంధించి, పిల్లలు ఎక్కడున్నారో చెప్పమని రోజుల తరబడి హింసిస్తాడు. అలెక్స్‌కు వయసు పెరిగినా బుద్ధి పదేళ్ల పిల్లవాడిదే.

ఈ సినిమా మీద వచ్చిన సమీక్షలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: కన్నబిడ్డ కోసం తండ్రి ఎంత దూరం వెళ్లవచ్చు? నన్ను పట్టుకున్న అంశం అది కాదు. అలెక్స్ అబద్ధం చెప్పడు. విడుదలైన రోజు పోలీసు స్టేషన్ బయట కెల్లర్ అతని మీద పడినప్పుడు, తాను వదిలి వెళ్లేదాకా పిల్లలు ఏడవలేదని గొణుగుతాడు. చిత్రహింసల గదిలో తాను అలెక్స్‌ను కానంటాడు. మరో సందర్భంలో చిక్కుదారి (మేజ్) మాట ఎత్తుతాడు. ఈ మూడూ నిజాలే. ఇరవై ఆరేళ్ల కిందట ఎవరో ఎత్తుకుపోయిన బ్యారీ అనే పిల్లవాడే అతడు. 'అలెక్స్' అన్న పేరు అతణ్ణి ఎత్తుకుపోయినవారు పెట్టినది. చిక్కుదారి గుర్తు నేరుగా ఆ నేరస్తుల ఇంటికే తీసుకువెళుతుంది. అంటే చేతిలో సుత్తి పట్టుకొని నిలబడ్డ తండ్రికి కేసు పరిష్కారం ముక్కలు ముక్కలుగా అందుతూనే ఉంది. కాని అతనికి కావలసినది ఒక చిరునామా, దాని ఆకారంలో లేని ఏ జవాబూ అతని చెవికి జవాబుగా వినిపించదు.

మొదటిసారి ఈ సినిమాను ఇంట్లో మా నాన్నతో కలిసి చూశాను. ఆయన వరంగల్ కోర్టులో ఒక వకీలు దగ్గర చాలా కాలం గుమాస్తాగా పనిచేశారు. అలెక్స్‌ను ఉంచిన స్నానాల గదిని చెక్కలతో మూసి, మరుగుతున్న నీళ్లు వదిలే దృశ్యం వద్ద నేను ముఖం తిప్పుకుంటే, ఆయన మాత్రం తెరవైపే చూస్తూ, "వాడు చెప్తనే ఉన్నడు గదరా, ఈయననే వింటలేడు" అన్నారు. ఈ చిత్రం గురించి నేను చదివిన విశ్లేషణలన్నిటిలో ఆ ఒక్క వాక్యానికి ఉన్న పదును లేదు.

ఆయనకు అది తోచడానికి కారణం ఆయన వృత్తే అనుకుంటాను. మన దేశంలో పోలీసు అధికారి ఎదుట ఇచ్చిన నేరాంగీకారం ముద్దాయి మీద రుజువుగా చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌లో ఉంది. కస్టడీలో ఉన్న ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా బయటపడితే, దానికి సూటిగా సంబంధించినంత మేరకే ఆ మాటను రుజువు చేయనిస్తారు. కోర్టుల్లో నేటికీ 'ఇరవై ఏడు' అని పిలుచుకునే ఆ పాత సెక్షన్ కూడా ఇప్పుడు ఇందులోనే చేరింది. అంటే ముద్దాయి ఏం చెప్పాడన్న దానికంటే, అది విన్నాక వెళ్లి వెతికితే ఏం దొరికిందన్నదే అక్కడ లెక్క. కెల్లర్ వెళ్లి వెతకడు, కొడుతూ కూర్చుంటాడు.

యాదృచ్ఛికమే కావచ్చు గాని, 'దృశ్యం' మలయాళ మూలం వచ్చినది కూడా 2013లోనే. మరుసటి సంవత్సరం వెంకటేశ్‌తో తెలుగులో వచ్చిన చిత్రాన్ని మీలో చాలామంది ఒకటికి పదిసార్లు చూసి ఉంటారు. అందులోనూ దెబ్బలకు తాళలేక చిన్న కూతురు నిజమే చెబుతుంది, అయినా పోలీసులు తవ్విన చోట వారికి కావలసిన శవం దొరకదు. అక్కడ హింస వల్ల వచ్చిన నిజాన్ని తండ్రి తెలివి ఓడిస్తుంది, ఇక్కడ తండ్రి మొండితనమే ఓడిస్తుంది. మన మామూలు పోలీసు సినిమాల్లో కథానాయకుడు రెండు చెంపదెబ్బలు కొట్టగానే దొంగ చిరునామాతో సహా అప్పజెప్పే దృశ్యం చూసి చూసి విసుగెత్తిన నాకు, ఈ రెండూ చాలా ఊరటనిచ్చాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన కె. బాలగోపాల్ పౌరహక్కుల ఉద్యమంలో ఏళ్ల తరబడి పనిచేసిన ఊరు మాది. లాకప్పులో ఏం జరుగుతుందో చెప్పడానికి ఇక్కడి పెద్దవారికి సినిమా అవసరం లేదు, అందుకే చెంపదెబ్బకు కేసు తేలిపోయే కథలు ఇక్కడ కొంత చవకగా కనిపిస్తాయి.

డిటెక్టివ్ లోకిగా జిలెన్‌హాల్ కనురెప్పలు అదేపనిగా కొట్టుకోవడం మొదట చిరాకు కలిగించినా, నిద్రలేని మనిషి లక్షణంగా తరువాత అలవాటైపోతుంది. అతడూ ఒకసారి సహనం కోల్పోతాడు. మరో అనుమానితుడు టేలర్ కాగితం మీద చిక్కుదారులు గీస్తూ కూర్చుంటే మీదపడి కొడతాడు, ఆ పెనుగులాటలో టేలర్ పోలీసు తుపాకీ లాక్కొని తనను తాను కాల్చుకుంటాడు. గీస్తున్న గీతల్లోనే జవాబు ఉండగా, గీసే చెయ్యి లేకుండా పోయింది. చివరికి లోకికి దారి చూపింది ఒక ఫోటో. మతగురువు ఇంటి నేలమాళిగలో దొరికిన శవం మెడలో ఉన్న చిక్కుదారి బిళ్లే, అలెక్స్ పిన్నిగా చెలామణి అయిన హోలీ ఇంట్లో, ఆమె భర్త ఫోటోలోనూ కనిపిస్తుంది. ఏ విచారణా తేల్చలేనిదాన్ని ఒక్క చూపు తేల్చింది.

మరుగున ఉన్న ఉద్దేశాల విషయంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది నేరస్తులు కారు, రెండో పాప తల్లిదండ్రులు. బందీని కళ్లారా చూసి వచ్చిన తరువాత, కెల్లర్‌కు తాము సాయపడవద్దు, అతణ్ణి ఆపనూ వద్దు అని ఆ తల్లి భర్తతో అంటుంది. ఆ తల్లిగా నటించిన వయొలా డేవిస్ ఆ మాటలను ఏ ఆవేశమూ లేకుండా, ఇంటి లెక్క తేల్చినట్టు పలుకుతుంది. ఫలితం కావాలి, చేతికి మట్టి అంటకూడదు. ఈ ఒక్క సన్నివేశం మీద మరో సినిమా తీయవచ్చు.

ఇంత నేర్పుగా అల్లిన కథలో హోలీ దగ్గరకు వచ్చేసరికి దర్శకుడికి ప్రేక్షకుడి మీద నమ్మకం పోయినట్టుంది. తుపాకీ పట్టుకొని ఆమె కెల్లర్‌కు అన్నీ వివరిస్తుంది: కొడుకు క్యాన్సర్‌తో చనిపోవడం, ఆ దుఃఖంలో భార్యాభర్తలు దేవుడి మీద యుద్ధం ప్రకటించడం, పిల్లలను మాయం చేసి తల్లిదండ్రుల విశ్వాసాన్ని చంపి వారిని రాక్షసులుగా మార్చడం. ఉద్దేశం భయంకరమైనదే. ప్రార్థనతో మొదలైన సినిమాలో ప్రార్థించిన మనిషే ఆ యుద్ధంలో ఓడిపోయాడని అప్పటికే మనం చూశాం కదా, మళ్లీ ఆమె నోట ఎందుకు చెప్పించాలి? రెండు గంటల పాటు మాటల్ని నమ్మవద్దని, గుర్తుల్ని చూడమని నేర్పిన చిత్రం, అసలు రహస్యాన్ని మాటల్లో వల్లెవేయడం నాకు నేటికీ కోపం తెప్పిస్తుంది. టేలర్ ఇంట్లో దొరికే పాములూ, పందిరక్తంలో తడిపిన దుస్తులూ కూడా మనల్ని తప్పుదారి పట్టించడానికి తప్ప పెద్దగా పనికిరావు, కాని వాటిని క్షమించగలను.

అయినా నా తీర్పు అనుకూలమే, అదీ గట్టిగా. స్నానాల గది దృశ్యాలను తట్టుకోలేనివారూ, పసిపిల్లలున్న తల్లిదండ్రులూ ఆలోచించి చూడండి. ఇప్పటికే చూసినవారు మరొకసారి వేసుకొని, ఎవరు కొడుతున్నారన్నది పక్కనపెట్టి, అలెక్స్ పెదవుల మీదే దృష్టి నిలపండి. సబ్‌టైటిళ్లు తప్పక పెట్టుకోండి, ఎందుకంటే అతని ముఖ్యమైన మాటలన్నీ గొణుగుళ్లే. హోలీ ఉపన్యాసం మొదలయ్యాక కావాలంటే లేచి వెళ్లి టీ పెట్టుకోవచ్చు, మీరు కోల్పోయేదేమీ ఉండదు.