ఎల్క్ వేటకు చోటు ఎలా చూసుకోవాలి? ముందు గాలివాటం

[దృశ్యం: అమెరికాలోని కొలరాడో కొండలు, తెల్లవారుజాము. దూరం నుంచి ఎల్క్ పోతు అరుపు]

విన్నారా? ఈలకీ గర్జనకీ మధ్య ఉన్న ఆ అరుపు ఎల్క్ అనే పెద్ద జింకది. మన నల్లమల కణితికి అన్నలాంటిది, పోతయితే 300 కిలోల పైమాటే. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ మాత్రం లైసెన్సుతో, సీజన్‌లో చట్టబద్ధం. విల్లు సీజన్ సెప్టెంబరులో, సరిగ్గా అవి ఎదకొచ్చే నెలలో.

ముందు కాగితాల పని. 2025 నుంచి బయటి రాష్ట్రాల వాళ్లు కొండ ప్రాంతాల్లో విల్లు లైసెన్సు కావాలంటే డ్రాలో గెలవాల్సిందే. దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. అంటే చోటు వెతకడం చలికాలంలో, ఇంట్లో కూర్చునే మొదలవ్వాలి.

[దృశ్యం: తెర మీద ఉపగ్రహ పటం, ఎత్తు గీతలు]

పటంలో మూడు చూడండి: మేతకు పచ్చిక, తాగడానికి నీళ్లు, పగలు పడుకుని నెమరేసుకోవడానికి నీడ. నీడంటే ఎక్కువగా ఉత్తరం వాలులోని చిక్కటి అడవి. అందులోనూ ఎత్తు గీతలు దూరం జరిగిన చోటు, అంటే వాలు మధ్యలో ఇంటి అరుగులా చదునుగా ఉన్న చోటు, నాకు చాలా ఇష్టం. పచ్చికకీ ఆ అరుగుకీ మధ్య కనుమ ఏదైనా ఉంటే దాన్నీ గుర్తు పెట్టుకోండి.

[దృశ్యం: జులైలో గుట్ట మీద, బైనాక్యులర్‌తో]

జులైలో వెళ్తే ఎత్తైన పచ్చికల్లో పోతులు గుంపుగా కనిపిస్తాయి. ఫొటోలు తీసుకుని మురిసిపోతాం. నేనూ మొదటి ఏడాది అదే చేశాను. సెప్టెంబరుకు అక్కడ ఒక్కటి లేదు! ఎద మొదలయ్యాక పోతులు ఆడవాటి వెంట పోతాయి. కాబట్టి ఆడవీ పిల్లలూ ఎక్కడ మేస్తున్నాయో చూడండి. బురదగుంటలో పొర్లిన ఆనవాళ్లు, కొమ్ములు రాసి బెరడు ఊడిన చెట్లు, తడి ఆరని పెంటికలు: ఇవి కనిపిస్తే ఆగండి.

ఇప్పుడు అసలు విషయం.

[దృశ్యం: గాలివాటం చూసే చిన్న డబ్బా నొక్కితే తెల్లటి పొడి గాలిలో తేలుతుంది]

విల్లుతో కొట్టాలంటే నలభై మీటర్లలోపు చేరాలి. ఎల్క్ కంటిని కాస్త ఏమార్చవచ్చు, ముక్కును మాత్రం కుదరదు. పొద్దున చల్లగాలి కొండ మీంచి కిందికి జారుతుంది, కాబట్టి మీరు కింద ఉండాలి. ఎండ తగలగానే గాలి పైకి లేస్తుంది, అప్పుడు పైన ఉండాలి. సాయంత్రం నీడ పడ్డాక మళ్లీ కిందికి. గాలి తిరిగే ఆ కాసేపూ కదలకుండా ఆగడమే మంచిది. ఎన్ని ఎల్క్‌లున్నా గాలి మీ వీపు మీంచి వాటి వైపు పోయేలా తప్ప దారి లేకపోతే, ఆ చోటు వదిలేయండి.

ఇంకొకటి, కాళ్ల లెక్క. ఎముకలు తీసేసినా మాంసం వంద కిలోలకు అటూఇటూగా ఉంటుంది. వీపు మీద నాలుగైదు విడతలు మోయాలి. సెప్టెంబరు మధ్యాహ్నం వేడికి మాంసం చెడిపోతుంది. రోడ్డు పక్కన జనం ఎక్కువే, నిజమే. అయినా ఒంటరిగా వెళ్లేవాళ్లు మూడు కిలోమీటర్లు దాటొద్దనే నేనంటాను.

[దృశ్యం: చీకట్లో దారి మొదట ఆగి ఉన్న రెండు ట్రక్కులు]

ఇలా మీ చోట్లో ముందే ఎవరో దిగి ఉంటారు. అందుకే పటంలో మూడు గుర్తులైనా ఉండాలి. బండి వెనక్కి తిప్పి, తెల్లారకముందే రెండోదానికి పోనివ్వండి.