సుధ ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తుంది?

[స్క్రీన్ మీద: స్టేట్ లైన్ రోడ్ మ్యాప్]

"మిస్సోరీలో ఉద్యోగాలు పెరిగాయి, కాన్సస్‌లో నిరుద్యోగం తక్కువ. మరి ఎవరి పాలన బాగున్నట్టు?"

అమెరికాలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు రాష్ట్రాల నెలవారీ ఉద్యోగ లెక్కలు రాగానే ఇలాంటి పోస్టు ఒకటి తయారు. కింద రెండు పార్టీల వాళ్లూ జుట్లు పట్టుకుంటారు. నాకు ఒళ్లు మండేదల్లా ఒక్కటే. ఆ రెండు నంబర్లలో ఒకటి ఆఫీసుల దగ్గర లెక్కపెట్టింది, రెండోది ఇళ్ల దగ్గర లెక్కపెట్టింది. ఎదురెదురుగా పెట్టి పందెం కట్టడానికి వీల్లేదు. అందులోనూ కాన్సస్ సిటీ లాంటి చోట అసలే వీల్లేదు.

22 లక్షల చిల్లర జనం ఉన్న మెట్రో అది, అంటే నగరం, చుట్టూ ఉన్న శివార్లు కలిపి. స్టేట్ లైన్ రోడ్‌కి పడమట కాన్సస్, తూర్పున మిస్సోరీ. పేరు కాన్సస్‌ది, డౌన్‌టౌన్ మాత్రం మిస్సోరీలో. ఆ పేరు పెట్టినవాళ్లతో నాకు వేరే గొడవ ఉంది, పక్కన పెడదాం.

సుధ అని ఒకావిడ ఉందనుకోండి. ఇల్లు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో, అంటే కాన్సస్. ఉద్యోగం డౌన్‌టౌన్‌లో, అంటే మిస్సోరీ. అక్కడ పనిచేస్తున్నందుకు కాన్సస్ సిటీ, మిస్సోరీ నగరానికి జీతంలో 1 శాతం ఎర్నింగ్స్ టాక్స్ కూడా కడుతోంది.

ఇప్పుడు అమెరికా ప్రభుత్వం తరఫున ఉద్యోగాల లెక్కలు తీసే బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్, బీఎల్ఎస్ వాళ్లు, కంపెనీలను అడుగుతారు: నెలలో 12వ తేదీ పడే పే పీరియడ్‌లో మీ దగ్గర ఎంతమందికి జీతం ఇచ్చారు? సుధ కంపెనీ ఆవిడని కలిపి చెబుతుంది. మిస్సోరీకి ఒక ఉద్యోగం. ఇది పేరోల్ లెక్క. ఇంకో సర్వే ఇళ్లకి వెళుతుంది: మీ ఇంట్లో ఎవరు పనిచేస్తున్నారు? సుధ నేనున్నానంటుంది. కాన్సస్‌కి ఒక ఉద్యోగి. రాష్ట్రం నిరుద్యోగ రేటు కట్టేటప్పుడు ఇంకొన్ని లెక్కలు కూడా కలుపుతారు గానీ, మనిషిని చూసేది మాత్రం ఉండే చోటుని బట్టే.

సరే, సుధ ఉద్యోగం పోయింది. ఏమైంది? మిస్సోరీలో ఒక ఉద్యోగం తగ్గింది. కాన్సస్‌లో ఒక నిరుద్యోగి పెరిగింది. మిస్సోరీ నిరుద్యోగ రేటు మీద దీని ప్రభావం ఏమీ లేదు. ఇంకో తమాషా: నిరుద్యోగ భృతికి ఆవిడ మామూలుగా అప్లై చేయాల్సింది పనిచేసిన రాష్ట్రానికి, అంటే మిస్సోరీకి. ఒక్క మనిషి, రెండు రాష్ట్రాల ఫైళ్లు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. ఉద్యోగం పోలేదు, కంపెనీయే రోడ్డు దాటి కాన్సస్‌లోకి వచ్చేసింది అనుకుందాం. సుధ డెస్క్ అదే, మేనేజర్ అతనే, జీతం అదే. కానీ మిస్సోరీకి ఉద్యోగాలు తగ్గాయి, కాన్సస్‌కి పెరిగాయి. నిరుద్యోగ రేటు రెండు వైపులా కదల్లేదు, ఎందుకంటే ఎవరి పనీ పోలేదు, కొత్తగా ఎవరికీ దొరకలేదు. కాన్సస్ గవర్నర్ మాత్రం రిబ్బన్ కత్తిరించి ఉద్యోగాలు సృష్టించామంటాడు.

ఇది కల్పన అనుకోకండి. 2011లో సినిమా హాళ్ల కంపెనీ ఏఎంసీ థియేటర్స్ తన హెడ్డాఫీసుని మిస్సోరీ డౌన్‌టౌన్ నుంచి కాన్సస్‌లోని లీవుడ్‌కి మారుస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది రెస్టారెంట్ల కంపెనీ యాపిల్‌బీస్ ఎదురుగా కాన్సస్ నుంచి మిస్సోరీకి. ఇలా అటూ ఇటూ కంపెనీలను లాక్కోవడానికి రెండు రాష్ట్రాలూ వదులుకున్న పన్నులు 30 కోట్ల డాలర్లు దాటాయి. మెట్రో మొత్తానికి మిగిలింది? ట్రాఫిక్ దిశ మారింది. చివరికి 2019లో మిస్సోరీ చట్టం చేసింది, కాన్సస్ గవర్నర్ లారా కెల్లీ ఉత్తర్వు ఇచ్చింది, ఈ సరిహద్దు కౌంటీల మధ్య ఆ ఆట ఆపుదామని. చాలా ఏళ్లు ఆలస్యమైన తెలివి, నన్నడిగితే.

ఇంకొంచెం సాగదీద్దాం. సుధ సాయంత్రాలు కాన్సస్‌లో ఒక స్టోర్‌లో కూడా పనిచేస్తోంది. పేరోల్ లెక్కలో ఇప్పుడు రెండు ఉద్యోగాలు, ఇళ్ల లెక్కలో అదే ఒక్క సుధ. లేదా రెండూ మానేసి సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకుంది. పేరోల్ లెక్కలోంచి మాయం, ఇళ్ల లెక్కలో పనిచేస్తున్నట్టే. లేదా ఉద్యోగం పోయాక విసిగిపోయి 4 వారాలుగా అసలు వెతకడమే మానేసింది. పని వెతుకుతున్నవాళ్లనే నిరుద్యోగులుగా లెక్కేస్తారు కాబట్టి, అప్పుడు ఆవిడ నిరుద్యోగి కూడా కాదు! రేటు కాస్త తగ్గుతుంది కూడా. దీన్ని శుభవార్తగా చదివేవాళ్లని చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు.

అందుకే 2012లో అప్పటి గవర్నర్ సామ్ బ్రౌన్‌బ్యాక్ కాన్సస్‌లో పన్నులు కోసినప్పుడు, 2017లో శాసనసభ ఆయన వీటోని తోసిపుచ్చి వాటిని వెనక్కి తిప్పేదాకా, రెండు పక్షాలకీ చేతిలో నంబరు ఉండేది. ఉద్యోగాల పెరుగుదల దేశ సగటు కంటే వెనకబడింది, నిజం. నిరుద్యోగ రేటు దేశ సగటు కంటే తక్కువ, అదీ నిజమే. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పలేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. మిస్సోరీ జనాభా కాన్సస్‌కి రెట్టింపు పైనే, కాబట్టి పెరిగిన ఉద్యోగాల సంఖ్య కాదు, శాతం చూడండి. ఇళ్ల సర్వే దేశం మొత్తానికి 60 వేల ఇళ్లే, అందులో ఒక్కో రాష్ట్రం వాటా ఎంతో ఊహించుకోండి, 0.1 శాతం తేడాకి పోస్టు పెట్టొద్దు. పేరోల్ లెక్కల్ని ఏటా మొదట్లో సవరిస్తారు, పాత స్క్రీన్‌షాట్లు నమ్మొద్దు. ఇక రాష్ట్రం సగటు అంటే మెట్రో ఒక్కటే కాదు: బోయింగ్ విమానం 737 మాక్స్ తయారీ ఆగి 2020 జనవరిలో విచిటాలో 2,800 మందికి లేఆఫ్ వచ్చింది, అది కాన్సస్ లెక్కే, స్టేట్ లైన్ రోడ్‌కి దానితో సంబంధమే లేదు.

సరిహద్దు గురించే వాదించాలంటే బీఎల్ఎస్ సైట్‌లో మెట్రోకి మిస్సోరీ భాగం, కాన్సస్ భాగం విడివిడిగా ఉద్యోగాలు దొరుకుతాయి. నిరుద్యోగ రేటు మాత్రం మెట్రో మొత్తానిది తీసుకోండి, సుధ ఏ వైపు పడుకున్నా అందులో ఉంటుంది. మిస్సోరీకి రెండో కొసన సెయింట్ లూయిస్ ఉంది, అది ఇలినాయ్‌తో పంచుకున్న మెట్రో, ఇదే చిక్కు. దాని సంగతి వేరే వీడియోలో.