నాలుగు డిగ్రీల దగ్గర కూడా పెరిగేవి

అందరికీ నమస్కారం. బేకరీల వాళ్లు, కేటరింగ్ వాళ్లు, కోళ్లఫారాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి పాఠంలా కాకుండా పనికొచ్చేలా మాట్లాడతాను. ఈ బల్ల మీద టేపు వేసిన రెండు మూత ప్లేట్లు ఉన్నాయి, బ్యాక్టీరియాను పెంచి చూసేవి. వాటి సంగతి చివర్లో చెబుతాను. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి.

"ఫ్రిజ్‌లోనే పెట్టాం కదండీ, ఏం కాదులే." ఈ మాట నేను ఎన్ని వంటశాలల్లో విన్నానో లెక్కలేదు. ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. చల్లదనం బ్యాక్టీరియాను చంపదు. చాలావాటిని పెరగకుండా ఆపుతుంది, కొన్నింటిని మాత్రం నెమ్మది చేస్తుంది. గుడ్డు వాడే మనలాంటి వాళ్లు పట్టించుకోవాల్సింది ఆ కొన్నింటినే.

ముందు గుడ్డు సంగతి చూద్దాం. కోడి పెట్టేటప్పుడు గుడ్డు దాని ఒంటి వేడితోనే, 41 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయటికొచ్చి చల్లారేసరికి లోపలి పదార్థం కొంచెం ముడుచుకుని, మొద్దు వైపున గాలిగది ఏర్పడుతుంది. ఆ గాలి పెంకుకున్న వేలాది సన్నటి రంధ్రాల గుండా లోపలికి పోతుంది. ఆ సమయంలో పెంకు తడిగా ఉంటే గాలితో పాటు తడీ, అందులోని బ్యాక్టీరియా కూడా లోపలికి పోతాయి. కొట్టు నుంచి తెచ్చిన గుడ్లను కుళాయి కింద చన్నీళ్లతో కడిగి ట్రేలో పెట్టడం శుభ్రత అనుకుంటాం గానీ, పైనున్నదాన్ని చేతులారా లోపలికి పంపే పని అది. అమెరికాలో అమ్మే గుడ్లను మామూలుగా కడుగుతారు, కానీ ఆ నీళ్లు గుడ్డు కన్నా కనీసం 11 డిగ్రీలు వేడిగా ఉండాలని నియమం. యూరప్‌లో తినడానికి అమ్మే గుడ్లను మామూలుగా కడగనే కడగరు.

లోపలికి పోయిన బ్యాక్టీరియాకు తెల్లసొనలో బతకడం కష్టం. అక్కడ లైసోజైమ్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది బ్యాక్టీరియా గోడలను కోసేస్తుంది. దాన్ని 1922లో లోకానికి చెప్పింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్, తర్వాత పెన్సిలిన్ కనిపెట్టినాయనే. ఇంకో ప్రోటీన్ ఇనుమునంతా పట్టుకుని కూర్చుంటుంది. ఇనుము దొరక్కపోతే బ్యాక్టీరియా ఎదగలేదు. ఈ కాపలాను దాటగలిగినవి కొన్నే, వాటిలో ముఖ్యమైనది సూడోమోనాస్. అది సొంతంగా ఒక పచ్చటి పదార్థాన్ని వదిలి ఆ ప్రోటీన్ దగ్గర నుంచి ఇనుమును లాక్కుంటుంది. ఫ్రిజ్ చలిలోనూ ఈ పని చేస్తుంది. అలా పాడైన గుడ్డును పగలగొడితే తెల్లసొన లేత ఆకుపచ్చగా ఉంటుంది. కొట్లలో దొంగనోట్లు చూసే నీలం లైటు ఉంటుంది కదా, అది దాని మీద వేస్తే మెరుస్తుంది. మొదటిసారి చీకటి గదిలో అది చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందంగా ఉందనిపించింది, వెంటనే కడుపులో తిప్పింది.

చలిలో ఇవి ఎలా పెరుగుతాయి? మీ ఇంట్లోనే చూడొచ్చు. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, పక్కనే నువ్వులనూనె మాత్రం జారుతూనే ఉంటుంది. బ్యాక్టీరియా చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే. మామూలు బ్యాక్టీరియాకు చలిలో ఆ పొర కొబ్బరినూనెలా బిగుసుకుపోతుంది. చలికి ఓర్చేవి పొరలోని కొవ్వును మార్చుకుని నువ్వులనూనెలా వదులుగా ఉంచుకుంటాయి. దాంతో తిండి లోపలికి వస్తూనే ఉంటుంది, పని సాగుతూనే ఉంటుంది.

ఇక లిక్విడ్ ఎగ్, అంటే పెంకు తీసి, కలిపి, కొద్దిసేపు లెక్కగా వేడిచేసి (పాశ్చరైజ్ చేసి) ప్యాకెట్లలో అమ్మే గుడ్డు. మీలో కొందరు వాడుతున్నారు, మిగతావాళ్లు రేపో మాపో వాడతారు, ఎందుకంటే పచ్చిగుడ్డు మీద నిషేధాలు వచ్చాయి. 2024 అక్టోబరు చివర్లో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. హైదరాబాద్‌లో మోమోలు తిని చాలామంది ఆస్పత్రి పాలై, ఒక మహిళ చనిపోయిన రోజుల్లో వచ్చిన ఆదేశం అది. అంతకుముందు 2023లో కేరళ, తర్వాత 2025లో తమిళనాడు ఇదే పని చేశాయి. నా మటుకు నేను ఈ నిషేధాన్ని సమర్థిస్తాను. పచ్చిగుడ్డులో మనకు ప్రధాన శత్రువు సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా, పాశ్చరైజ్ చేస్తే అది చస్తుంది. పైగా సుమారు 7 డిగ్రీల కింద అది దాదాపు పెరగదు, కాబట్టి దాని విషయంలో ఫ్రిజ్ నిజంగానే మన పక్షం. అయితే పాశ్చరైజ్ చేసింది కదా అని ధీమాగా ఉండేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది.

పాలను కాచినట్టు గుడ్డును కాచలేం, గడ్డకట్టేస్తుంది. అమెరికాలో కలిపిన గుడ్డును 60 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు ఉంచుతారు. బ్రిటన్‌లో 1963 నుంచి 64.4 డిగ్రీలు, రెండున్నర నిమిషాలు. ఆ అంకె వెనక ఒక చక్కటి పరీక్ష ఉంది. పచ్చసొనలో గంజిని జీర్ణం చేసే ఎంజైమ్ ఒకటి ఉంటుంది, ఆ వేడికి అది చచ్చిపోతుంది. గుడ్డులో కొంచెం గంజి కలిపి, కాసేపు ఆగి, అయోడిన్ చుక్క వేస్తారు. ఊదా నీలం రంగు వస్తే గంజి మిగిలే ఉందని, అంటే ఎంజైమ్ చచ్చిందని, వేడి సరిగా తగిలిందని అర్థం. రంగు రాకపోతే ఆ బ్యాచ్ సరిగా వేడెక్కలేదు.

కానీ ఆ వేడికి చావనివి ఉన్నాయి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా కుటుంబం గట్టి విత్తనాల్లాంటి స్పోర్లుగా మారి దాక్కుంటుంది. వాటికి 60, 65 డిగ్రీలు ఒక లెక్క కాదు. ఆ కుటుంబంలో చలికి ఓర్చే శాఖను 1998లో జర్మనీలో వేరుగా గుర్తించి, బవేరియాలోని వైహెన్‌స్టెఫాన్ అనే చోటు పేరు పెట్టారు. అది 7 డిగ్రీల కింద కూడా పెరుగుతుంది, 43 డిగ్రీల దగ్గర మాత్రం పెరగదు. ఫ్రాన్స్‌లో లిక్విడ్ ఎగ్ పరిశ్రమ దీని మీద ఎంతో శ్రద్ధ పెట్టింది. పాశ్చరైజేషన్‌లో పోటీదారులంతా చస్తారు, స్పోరు మిగులుతుంది, తర్వాత ఫ్రిజ్‌లో తీరిగ్గా మొలకెత్తుతుంది.

ఒక కేకుల షాపులో నేను కళ్లారా చూసింది చెబుతాను. లిక్విడ్ ఎగ్ ప్యాకెట్ కత్తిరించి స్టీలు జగ్గులో పోసుకుని, ఆ జగ్గును ఫ్రిజ్‌లో పెట్టుకునేవారు. అడుగున రెండు గరిటెలు మిగిలితే, మర్నాడు దాని మీదే కొత్త ప్యాకెట్ పోసేవారు. జగ్గు ఎప్పుడు కడిగారని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాలను పెరుగు చేయాలంటే అమ్మ ఏం చేస్తుంది? నిన్నటి పెరుగు ఒక చెంచా వేసి తోడు పెడుతుంది. వీళ్లు రోజూ చేసింది అదే, గుడ్డుకు తోడు పెట్టడం. పైగా కరెంటు బిల్లు కోసం రాత్రి పదింటికి ఫ్రిజ్ ఆపేసేవారు.

ఇప్పుడు లిస్టీరియా అనే బ్యాక్టీరియా. నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. 1926లో కేంబ్రిడ్జ్‌లో జబ్బుపడిన కుందేళ్లలో దీన్ని కనుగొన్నారు. ఇది తిండి ద్వారా మనుషులకు వస్తుందని గట్టిగా తేలింది మాత్రం 1981లో, కెనడాలోని నోవాస్కోషియాలో. జబ్బుపడిన గొర్రెల ఎరువు వేసి పండించిన క్యాబేజీని శీతాకాలమంతా చల్లటి గిడ్డంగిలో ఉంచారు. ఆ చలి లిస్టీరియాకు కలిసొచ్చింది.

గుడ్డుతో జరిగింది 2019లో బయటపడింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక ప్లాంటు గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, హోటళ్లకూ దుకాణాలకూ పంపేది. ఐదు రాష్ట్రాల్లో ఎనిమిది మందికి లిస్టీరియా సోకింది, ఒకరు చనిపోయారు. కేసులు 2017 నుంచీ అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తూనే ఉన్నాయి. ఆ ప్లాంటులో దొరికిన బ్యాక్టీరియా జన్యువులను రోగుల దగ్గర దొరికిన వాటితో పోల్చి చూశాకే లంకె కుదిరింది.

ఉడికిన గుడ్డుకు ఇలా ఎందుకవుతుంది? ఉడకబెడితే లోపలి బ్యాక్టీరియాతో పాటు ఇందాక చెప్పిన కాపలా కూడా పోతుంది. లైసోజైమ్ పనిచేయదు, ఇనుమును పట్టుకునే ప్రోటీన్ ఇక పట్టుకోలేదు. ఆపైన పెంకు వలిచేస్తాం. మిగిలేది మెత్తటి, తేమగల, నిండా ప్రోటీన్ ఉన్న ముద్ద. వలిచిన చెయ్యి, చల్లార్చిన నీళ్లు, పెట్టిన టబ్బు, వీటిలో ఎక్కడున్న లిస్టీరియా అయినా దాని మీద హాయిగా పెరుగుతుంది. 4 డిగ్రీల దగ్గర రోజున్నరకోసారి రెట్టింపవుతుందనుకోండి. పది రోజుల్లో దాదాపు వంద రెట్లు, ఇరవై రోజుల్లో పదివేల రెట్లు. వాసన రాదు, రంగు మారదు.

గర్భిణులకు ఇది సోకే అవకాశం మామూలువాళ్ల కన్నా సుమారు 10 రెట్లు ఎక్కువ. తల్లికి కొంచెం జ్వరం, ఒళ్లునొప్పులు, అంతే. లోపలి బిడ్డ దక్కకపోవచ్చు. తిన్నాక 70 రోజుల దాకా బయటపడకపోవచ్చు కూడా. రెండు నెలల కింద ఏ ఫంక్షన్‌లో ఏం తిన్నామో మనలో ఎవరికి గుర్తుంటుంది?

ఇదంతా విని గుడ్డు మానేయకండి. మన బడుల్లో మధ్యాహ్నం పెట్టే గుడ్డు పొద్దున ఉడికి మధ్యాహ్నానికి అయిపోతుంది, దానికి ఈ గొడవే లేదు. సమస్యంతా రోజుల తరబడి నిల్వ ఉంచేవాటితోనే. ఉడికించిన గుడ్లు మిగిలితే పెంకుతోనే ఉంచి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు వాడేయండి. కేటరింగ్ వాళ్లు ముందురోజే వలిచి టబ్బుల్లో నీళ్లు పోసి ఉంచే అలవాటు మానుకోవాలి. లిక్విడ్ ఎగ్ ప్యాకెట్ తెరిచిన రోజు తేదీ మార్కర్‌తో దాని మీదే రాయండి. జగ్గు రోజూ కడిగి, ఆరబెట్టి వాడండి. ఫ్రిజ్‌లో ఒక చిన్న థర్మామీటర్ పెట్టండి, తలుపు అరలో కాదు, మధ్య అరలో. ఫ్రిజ్ ముందున్న చుక్కలూ అంకెలూ లోపలి వేడి ఎంతో చెప్పవు.

ఇక ఈ ప్లేట్లు. రెండింటిలోనూ ఒకే ప్యాకెట్ నుంచి తీసిన లిక్విడ్ ఎగ్ చుక్క వేశాను. మొదటిది ప్యాకెట్ తెరిచిన రోజు వేసింది, రెండోది అదే ప్యాకెట్‌ను పన్నెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచాక వేసింది. రెండు ప్లేట్లూ నా ఫ్రిజ్‌లోనే, 4 డిగ్రీల దగ్గర పది రోజులు ఉన్నాయి. వెనకున్న లైట్లు ఆపమని చెప్పండి. దొంగనోట్ల లైటు తెచ్చాను. మూతలు తీయకుండా, ఒక్కొక్కరే ఇటు రండి.