వేలు ఎక్కడుంది?

నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఇవాళ షూటింగ్ స్కోర్ల గురించి చెప్పను, కొత్త గన్లూ చూపించను. మీ చూపుడు వేలు గురించి మాట్లాడాలి. ఎందుకో చెప్తాను.

పోయిన వారం సంగతి. నేను పిల్లలకు నేర్పడానికి వెళ్ళే షూటింగ్ రేంజ్‌లో సాయంత్రం ఆరు దాటింది. పన్నెండేళ్ళ బాబు, ఎయిర్ పిస్టల్ మొదలుపెట్టి మూడు నెలలైంది. షాట్ పదిలో పడింది. సంతోషం పట్టలేక "సార్, టెన్!" అంటూ ఒళ్ళంతా వెనక్కి తిప్పేశాడు. పిస్టల్ చేతిలోనే ఉంది. వెనక బెంచీ మీద వాళ్ళమ్మగారు, పక్కనే ఇంకో పాప నీళ్ళ సీసా మూత తిప్పుతోంది. బ్యారెల్ ఆ పాప ముఖం మీదుగా వచ్చి నా పొట్ట దగ్గర ఆగింది. వాడి వేలు ట్రిగ్గర్ మీదే ఉంది.

మణికట్టు పట్టుకుని టార్గెట్ వైపు తిప్పాను. "కింద పెట్టు నాన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వాళ్ళమ్మగారు కంగారుగా లేచి, "ఖాళీదే కదండీ, ఇప్పుడే కాల్చాడుగా" అన్నారు.

నిజమే, ఖాళీదే. ఆవిడ తప్పేమీ లేదు, ఆ మాట మనమందరం అనేదే. కానీ ఇవాళ ఖాళీ గన్‌తో అలా తిరిగిన చెయ్యి, రేపు లోపల పెల్లెట్, అంటే ఆ చిన్న గుండు, ఉన్నప్పుడు కూడా అలాగే తిరుగుతుంది. చేతికి ఒకటే అలవాటు ఉంటుంది. లోపల పెల్లెట్ ఉందో లేదో చేతికి తెలియదు.

మనలో చాలామంది మొదటిసారి గన్ పట్టుకున్నది ఎక్కడ? తిరునాళ్ళలో. కోటప్పకొండ తిరునాళ్ళకో, దసరా ఎగ్జిబిషన్‌కో వెళ్తే బెలూన్ల బల్ల ఉంటుంది. అతను బ్యారెల్ వంచి పెల్లెట్ పెట్టి చేతికిస్తాడు. పిల్లాడు అది పట్టుకునే "నాన్నా, ఇటు చూడు" అని తిరుగుతాడు, నాన్న ఫోన్లో ఫొటో తీస్తాడు. అక్కడ ఎవరూ వేలు గురించి మాట్లాడరు. పదేళ్ళ తర్వాత అదే పిల్లాడు రేంజ్‌కి వచ్చి లక్ష రూపాయల పిస్టల్ పట్టుకున్నా, చేతిలో ఉన్నది తిరునాళ్ళ అలవాటే.

ఎయిర్ గనే కదా అని కొట్టిపారేయకండి. లైసెన్స్ అక్కర్లేని ఎయిర్ గన్లకు మన నిబంధనల్లో ఒక హద్దు ఉంది: 20 జూళ్ళకు మించని శక్తి, 4.5 మిల్లీమీటర్లకు మించని బోర్, అంటే బ్యారెల్ రంధ్రం. లైసెన్స్ అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు. పోటీ పిస్టల్‌లోంచి పెల్లెట్ సెకనుకు సుమారు 150 మీటర్ల వేగంతో వెళ్తుంది. అది కంటికి తగిలితే ఆ కన్ను పోవచ్చు. గట్టి ఇనుప పలకకు తగిలితే వెనక్కి కూడా ఎగురుతుంది. అందుకే మామూలు అద్దాలు పెట్టుకునేవాళ్ళు కూడా సేఫ్టీ గ్లాసెస్ వేసుకోవాలి.

ఇప్పుడు స్కోరు కావాలనే వాళ్ళకు చెప్తున్నాను. భద్రత ఒక పాఠం, స్కోరు ఇంకో పాఠం అనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను. రెండూ ఆ ఒక్క వేలి దగ్గరే ఉన్నాయి.

పోటీ ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ పేలాలంటే దాని మీద కనీసం 500 గ్రాముల బరువు పడాలి. అంటే అర లీటరు పాల ప్యాకెట్ బరువు. టార్గెట్ మీద పది పాయింట్లు ఇచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మీ చొక్కా గుండీ అంత. పది మీటర్ల దూరంలో చొక్కా గుండీ! నొక్కే క్షణంలో బ్యారెల్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే పెల్లెట్ 17 సెంటీమీటర్లు అవతల పడుతుంది. టార్గెట్ కాగితమే దాటిపోతుంది. వేలు ఎప్పుడూ ట్రిగ్గర్ మీదే ఉండేవాళ్ళకు ఆ పాల ప్యాకెట్ బరువు ఎక్కడ మొదలై ఎక్కడ తెగుతుందో తెలియదు. వేలు మొద్దుబారిపోతుంది. అందుకే చివర్లో లాగేస్తారు. పెల్లెట్ కిందికో, పక్కకో పోతుంది. అప్పుడు గన్ బాలేదని సైట్, అంటే గురి చూసే భాగం, స్క్రూలు తిప్పుతారు. ఒక్క షాట్ చూసి సైట్ తిప్పకండి. ఐదు షాట్లు ఒకచోట గుంపుగా పడి, ఆ గుంపు మధ్యలో లేకపోతే అప్పుడు తిప్పండి.

నేను చెప్పే పద్ధతి ఇది. గన్ చేతికి తీసుకున్నప్పుడు వేలు ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్ బయట, గన్ పక్క మీద చాచి ఉండాలి. చెయ్యి ఎత్తి, టార్గెట్ మీదికి దింపేటప్పుడు మాత్రమే లోపలికి వెళ్ళాలి. షాట్ అయ్యాక రెండు సెకన్లు అలాగే నిలబడి, ముందు సైట్ చూస్తూ ఉండాలి. తర్వాత వేలు బయటికి, గన్ బల్ల మీదికి, ఆ తర్వాతే స్కోరు చూపే మానిటర్ వైపు చూపు. ఆ బాబు ఈ వరసే తప్పాడు. పది చూసుకోవాలన్న తొందరలో షాట్ తర్వాత అలాగే నిలబడే ఆ ఫాలో త్రూ వదిలేశాడు, గన్ చేతిలోనే ఉండిపోయింది.

ఎనిమిది, పది సెకన్లలో షాట్ వెళ్ళలేదా, దించేయండి. దించడం ఓటమి అనుకుంటారు పిల్లలు, వెనక అమ్మానాన్నలు చూస్తుంటే మరీనూ. చెయ్యి వణుకుతున్నా పట్టుకుని ఎలాగో పేల్చేస్తారు. దించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. పోటీలో 60 షాట్లకు 75 నిమిషాలు ఇస్తారు, టైమ్ చాలినంత ఉంటుంది. టెన్షన్ పడాల్సిన పనిలేదు. కానీ మన పిల్లలు అరగంటలో వంద పెల్లెట్లు ఊదేసి "ఇవాళ బాగా ప్రాక్టీస్ చేశాను సార్" అంటారు. 2024 పారిస్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చాక మా రేంజ్‌కు వచ్చే పిల్లలు పెరిగారు. నాకది ఎంతో సంతోషం. అందుకే మరీ గట్టిగా చెప్తున్నాను: మొదటి పదిహేను రోజులు పెల్లెట్ అడగకండి. తెల్ల గోడకు ఎదురుగా నిలబడి డ్రై ఫైర్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కడం, చేయండి. టార్గెట్ ఉండదు, అంకె ఉండదు. ముందు సైట్, వెనక సైట్, వేలు, అంతే.

ఇంట్లో చేస్తే పెల్లెట్ డబ్బా వేరే గదిలో పెట్టండి. బ్యారెల్ తెరిచి కళ్ళతో చూడండి, ఇంకొకరికీ చూపించండి. కిటికీ వైపు, బాల్కనీ వైపు వద్దు. పటమటలో మన ఫ్లాట్‌కు ఎదురు ఫ్లాట్ ఎంత దగ్గర ఉంటుందో మీకు తెలుసు. స్ప్రింగ్ గన్ అయితే ఖాళీగా పేల్చకండి, లోపల దెబ్బతింటుంది.

ఇంకో అలవాటు చూసి నాకు మనసు చివుక్కుమంటుంది. పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి లోడ్ చేస్తున్నారు. పెల్లెట్ సీసం. పిల్లల మెదడుకు సీసం విషం. అదే చేత్తో బయటికొచ్చి పునుగులు తింటున్నారు. సబ్బుతో చేతులు కడుక్కుని తినండి నాన్నా. అమ్మానాన్నలూ, దయచేసి ఇది చూడండి.

గన్ బ్యాగ్ మే నెల ఎండలో కారులో వదిలేయకండి. గన్‌కు బిగించే సిలిండర్‌లో 200 బార్ గాలి, అంటే మన చుట్టూ ఉన్న గాలికి సుమారు 200 రెట్ల ఒత్తిడితో, ఉంటుంది, బెజవాడ ఎండ ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. సిలిండర్ మీద గడువు తేదీ కూడా చూసుకోండి.

దసరా వస్తోంది. ఆయుధ పూజకు గన్ దేవుడి దగ్గర పెడతారు. పెట్టండి, నేనూ పెడతాను. కానీ బంధువులొస్తారు, బాబాయి "ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వరా" అంటాడు, చిన్నపిల్లలు చుట్టూ మూగుతారు. అందుకని ముందే సిలిండర్ విప్పేసి, బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్, ఆ నారింజ రంగు దారం, రెండు వైపులా కనిపించేలా పెట్టండి. పెట్టె మూసి తాళం వేయండి. పసుపు, కుంకుమ ఆ పెట్టెకే పెట్టండి. తాళం చెవి మీ జేబులో ఉంచుకోండి.